టెక్సోమా సరస్సులో గాలం వేయాలి, మేము టెక్సస్ వాళ్లం కాదు. లైసెన్సు సంగతి ఏమిటి?

కృష్ణ_న్యూజెర్సీ
మా నాన్నగారు నర్సాపురం నుంచి వచ్చారు. జూన్ మొదట్లో డాలస్‌లో ఉన్న మా అన్నయ్య ఇంటికి వెళ్తున్నాం, తేదీ ఇంకా ఖాయం చేయలేదు. అక్కడికి దగ్గర్లోనే టెక్సోమా సరస్సు ఉందట. నాన్నగారు వశిష్ఠ గోదావరి గట్టున పెరిగిన మనిషి. బెండు ఎటు కదిలిందో చూసి కింద ఉన్నది జెల్లో బొచ్చో చెప్పేస్తారు. అలాంటి మనిషి ఇక్కడికి వచ్చాక అపార్ట్‌మెంటు బాల్కనీలో పొద్దు పుచ్చుతున్నారు. ఒక్క పూటైనా నీళ్ల దగ్గర కూర్చోబెట్టాలని నా కోరిక.

నిన్న టెక్సస్ రుసుములు చూస్తే ప్రాణం ఉసూరుమంది. మంచినీటి లైసెన్సు అక్కడివాళ్లకు 30 డాలర్లు, బయటి రాష్ట్రం వాళ్లకు 58. నాన్నగారు, నేను, మా ఆవిడ కలిపి 174. ఒక్క పూటకు! పైగా సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతున్నారు. సందర్శక వీసా మీద వచ్చిన పెద్దాయనకు అది ఎక్కడి నుంచి తెచ్చేది? మా అబ్బాయికి పన్నెండేళ్లు, వాడికీ కొనాలా? అన్నయ్య లైసెన్సు ఒక్కటే చాలదా?

బెండు_బాబాయి
మీరు చూసింది ఏడాది లైసెన్సు. ఒక్కరోజు లైసెన్సు వేరే ఉంది, బయటివాళ్లకు 16 డాలర్లు. మంచినీళ్లు, ఉప్పునీళ్లు అన్నిటికీ చెల్లుతుంది. టెక్సస్‌లో 17 నిండనివాళ్లకు లైసెన్సు అక్కర్లేదు కాబట్టి అబ్బాయి గురించి బెంగ వద్దు. అన్నయ్య లైసెన్సు అన్నయ్యకే. గాలం పట్టుకునే ప్రతి చేతికీ ఒకటి ఉండాలి.

శ్రావణి_ప్లేనో
బాబాయి గారూ, టెక్సోమాకు ఆ 16 కూడా అక్కర్లేదు. ఆ సరస్సుకు మాత్రమే చెల్లే లైసెన్సు ఒకటి ఉంది, 12 డాలర్లు. స్థానికులకైనా బయటివాళ్లకైనా ఒకటే ధర, ఆ ఏడాది డిసెంబరు 31 వరకు పనికొస్తుంది.

ధర కన్నా దాని అసలు ఉపయోగం ఇంకొకటి. టెక్సోమా అంటే రెడ్ రివర్ మీద 1944లో డెనిసన్ ఆనకట్ట కట్టినప్పుడు ఏర్పడిన సరస్సు. ఇటు ఒడ్డు టెక్సస్, అటు ఒడ్డు ఓక్లహోమా. మామూలు టెక్సస్ లైసెన్సు పెట్టుకుని పడవలో వెళ్తూ అవతలి సగంలోకి దాటితే అది చెల్లదు. నీళ్ల మీద గీత ఎవరికి కనిపిస్తుంది? ఈ టెక్సోమా లైసెన్సు రెండు వైపులా చెల్లుతుంది.

కృష్ణ_న్యూజెర్సీ
174 నుంచి 36కి దిగింది! శ్రావణి గారూ, మీకు పులుసు బాకీ. మరి నాన్నగారి నంబరు సంగతి?

వీసా_విశ్వం
ఆ నంబరు అడగమన్నది చేపల శాఖ సొంత ఆలోచన కాదు. 1996లో వచ్చిన సంక్షేమ సంస్కరణల చట్టం ప్రకారం, పిల్లల పోషణ భత్యం ఎగ్గొట్టిన తల్లిదండ్రులను వెతికి పట్టుకోవడానికి రాష్ట్రాలు ఇచ్చే లైసెన్సుల దరఖాస్తుల్లో ఈ నంబరు తీసుకోవాలి. గాలం లైసెన్సు కూడా ఆ జాబితాలో చేరింది. నంబరు అసలే లేని విదేశీయుడికి లైసెన్సు ఇవ్వకూడదని దాని అర్థం కాదు. ఆన్‌లైన్ ఫారం మాత్రం కొన్ని రాష్ట్రాల్లో మొండికేస్తుంది. అందుకని నేరుగా క్రీడా సామగ్రి దుకాణంలోనో పెద్ద సూపర్ మార్కెట్‌లోనో లైసెన్సులు అమ్మే కౌంటరుకు పాస్‌పోర్టు తీసుకుని వెళ్లండి. మా మామగారికి అలాగే ఇచ్చారు. కౌంటరులో ఉన్న అమ్మాయికి ఆ పద్ధతి తెలియక పైవాళ్లను పిలిచింది. ఓపిక పట్టండి, పని జరుగుతుంది.

మంజీర_తీరం
ధర తగ్గించుకునే ఉపాయాలు బాగానే ఉన్నాయి. కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. అదే నీరు, అదే చేప, అదే గట్టు. పక్క రాష్ట్రం నుంచి వచ్చినంత మాత్రాన రెట్టింపు ఎందుకు కట్టాలి? మిషిగన్‌లో స్థానికుడికి 26, బయటివాడికి 76. దాదాపు మూడు రెట్లు! నాలాగా చదువుకోవడానికి వచ్చినవాడు 76 ఎక్కడి నుంచి తెస్తాడు? ఇది న్యాయం కాదు.

గాలం_మాస్టారు
మంజీర గారి ఆవేశం అర్థమవుతోంది కానీ నేను ఒప్పుకోను. ఈ డబ్బు ఎక్కడికి పోతుందో ఒకసారి చూడండి.

1950లో అమెరికాలో డింగెల్-జాన్సన్ చట్టం వచ్చింది. గాలం కర్రలు, రీళ్లు, ఎరలు వంటి సామగ్రి మీద తయారీదారుల దగ్గరే కేంద్రం పన్ను వసూలు చేస్తుంది, చాలా వస్తువులకు అది 10 శాతం. ఆ డబ్బును రాష్ట్రాలకు పంచేటప్పుడు 40 శాతం వాటా భూమి, జలాల విస్తీర్ణాన్ని బట్టి, 60 శాతం వాటా ఆ రాష్ట్రంలో గాలం లైసెన్సు కొన్నవాళ్ల సంఖ్యను బట్టి ఇస్తారు. అంటే మీరు లైసెన్సు కొంటే మీ రుసుమే కాక దానికి తోడు కేంద్రం నుంచి కూడా ఆ రాష్ట్ర జలాలకు నిధులు వస్తాయి. ఇంకో గట్టి షరతు కూడా ఉంది. లైసెన్సుల మీద వచ్చిన డబ్బును రాష్ట్రం రోడ్లకో జీతాల లోటుకో మళ్లిస్తే కేంద్రం వాటా ఆగిపోతుంది. చేపపిల్లల కేంద్రాలు, పడవలు దించే రేవులు, సరస్సుల సర్వేలు, కాపలా, అన్నీ దీని మీదే నడుస్తాయి.

మన ఊళ్లలో చెరువు ఎండినా, ఫ్యాక్టరీ నీళ్లు కలిసి చేపలు తెల్లగా తేలినా, దాని పేరు మీద ఖర్చు పెట్టడానికి ఒక్క పైసా విడిగా ఉండదు. ఇక్కడ ఉంది. స్థానికుడు ఏడాది పొడవునా ఆ రాష్ట్రానికి పన్నులు కడతాడు, మనం నాలుగు రోజులు వచ్చి పోతాం. తేడా ఉండడం నాకు సబబుగానే తోస్తుంది.

మంజీర_తీరం
మాస్టారూ, కర్ర కొన్నప్పుడు ఆ 10 శాతం నేనూ కట్టాను కదా. ఆ చట్టం మంచిదే. అది రెట్టింపు రుసుముకు సమర్థన కాదు. స్థానికుడి పన్నుల మాట ఒప్పుకుంటాను. మూడు రెట్ల మాట మాత్రం ఒప్పుకోను.

యాన్_ఆర్బర్_అనూష
మంజీర గారూ, మీరు మిషిగన్‌లోనే చదువుతున్నారా? అయితే 76 మీకు వర్తించదు. అక్కడి కళాశాలలో పూర్తికాల విద్యార్థిగా ఉంటూ చదువు రోజుల్లో ఆ రాష్ట్రంలోనే నివసించేవాళ్లను లైసెన్సు విషయంలో స్థానికులుగానే లెక్కిస్తారు. 26 చాలు. న్యూయార్క్‌లో కూడా పూర్తికాల విద్యార్థులకు స్థానిక ధరే. ఏ దేశం పాస్‌పోర్టు అన్నది లెక్కలోకి రాదు, ఎక్కడ ఉంటున్నారన్నదే చూస్తారు. కాలేజీ గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి.

పైగా మిషిగన్ ఏడాది లైసెన్సు మార్చి 1న మొదలై మరుసటి ఏడాది మార్చి 31 దాకా చెల్లుతుంది, మొత్తం పదమూడు నెలలు. మార్చి మొదట్లోనే కొంటే గిట్టుబాటు.

మంజీర_తీరం
అనూష గారూ, ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. వాదన అలాగే ఉంది, కోపం సగం పోయింది.

ఇర్వింగ్_ఈశ్వర్
ఒక్క పూట కోసం ఇంత హడావుడి ఎందుకు? పెద్దాయన చేతికి కాసేపు కర్ర ఇస్తే ఎవరు చూడొచ్చారు? పట్టి వదిలేసే చేపకు లైసెన్సు దేనికి?

బెండు_బాబాయి
వదిలేసినా కావాలి. టెక్సస్ నియమం చేపను పట్టడానికి చేసే ప్రయత్నానికే వర్తిస్తుంది, ఇంటికి తీసుకెళ్లడానికి మాత్రమే కాదు. ఇక ఎవరు చూస్తారంటారా? గేమ్ వార్డెన్ చూస్తాడు. ఆయన పోలీసు అధికారాలున్న మనిషి, మామూలు కాపలాదారు కాదు. సందర్శక వీసా మీద వచ్చిన పెద్దాయన పేరున జరిమానా చీటీ రాయించడం కన్నా 12 డాలర్లు పెట్టడం మేలు.

శ్రావణి_ప్లేనో
ఈశ్వర్ గారూ, మనవాళ్లలో ఈ మాట తరచూ వింటాను, విన్నప్పుడల్లా బాధేస్తుంది. మాకు తెలిసిన కుటుంబం ఒకటి ఇలాగే 'కాసేపే కదా' అని మొదలుపెట్టింది. వార్డెన్ వచ్చేసరికి ముగ్గురి చేతుల్లో కర్రలు, ఒక్కరి దగ్గరే లైసెన్సు. ఆయన మర్యాదగానే మాట్లాడి, మర్యాదగానే జరిమానా రాశాడు. ఆ ముసలాయన అయిదు నిమిషాల పాటు 'మా అబ్బాయి తప్పు లేదండీ' అని తెలుగులోనే బతిమాలుతూ ఉండిపోయారు. పెద్దవాళ్లను అలాంటి స్థితిలో నిలబెట్టకండి.

ఇర్వింగ్_ఈశ్వర్
సరేనండీ, ఇకపై ఆ మాట అనను.

డెనిసన్_దారి
ఎవరూ చెప్పనిది ఒకటుంది. టెక్సస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచో, నీళ్లలోకి కట్టిన వారధి (పీరు) మీద నుంచో గాలం వేస్తే లైసెన్సే అక్కర్లేదు. బయటి రాష్ట్రం వాళ్లకైనా సరే. టెక్సోమా ఒడ్డునే, డెనిసన్ దగ్గర, ఐసెన్‌హోవర్ స్టేట్ పార్కు ఉంది. ఐసెన్‌హోవర్ పుట్టింది డెనిసన్‌లోనే, అందుకే ఆ పేరు. పార్కు ప్రవేశ రుసుము కట్టి లోపలికి వెళ్తే చాలు. పడవ ఎక్కితే మాత్రం లైసెన్సు కావాలి, పార్కు సరిహద్దు దాటి నడిచినా కావాలి.

కృష్ణ_న్యూజెర్సీ
36 నుంచి సున్నాకి! ఇంకెవరైనా మాట్లాడితే వాళ్లే ఎదురు డబ్బులిచ్చేలా ఉన్నారు.

డెనిసన్_దారి
ఇంకొకటి. జూన్ మొదటి శనివారం టెక్సస్ అంతటా ఉచిత చేపల వేట దినం. ఆ రోజు ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు. ఓక్లహోమా కూడా ఆ వారాంతంలోనే ఉచితంగా వదులుతుంది. మీ ప్రయాణం జూన్ మొదట్లోనే అన్నారు కాబట్టి చెబుతున్నాను. జనం మాత్రం జాతరలా ఉంటారు. ఉచితం లైసెన్సుకే. చేపల సంఖ్య, పొడవు నియమాలు ఆ రోజు కూడా అంతే.

బెండు_బాబాయి
ఆ నియమాలే అసలు చిక్కు. టెక్సోమాలో స్ట్రైప్డ్ బాస్ మనిషికి రోజుకు పది, వాటిలో 20 అంగుళాలు, అంతకు మించినవి రెండే ఉండాలి. మామూలుగా ఈ చేప సముద్రం నుంచి నదుల్లోకి ఎక్కి గుడ్లు పెడుతుంది. ఇక్కడ సముద్రం లేకపోయినా, సరస్సులోకి వచ్చే నదుల్లోకి ఎక్కి గుడ్లు పెట్టి సంతానం పెంచుకుంటోంది. జెల్లలకు ఈ సరస్సులో విడి పరిమితి ఉంది, వెళ్లే ముందు ఆ ఏడాది నియమాల్లో చూసుకోండి.

కొలిచే పద్ధతి కూడా నాన్నగారికి చూపించండి. చేపను చదునైన కొలబద్ద మీద పడుకోబెట్టి, నోరు మూసి మూతిని అంచుకు ఆనించి, తోక రెండు కొసలను వేళ్లతో దగ్గరకు నొక్కి, ఆ చివర ఏ గీత మీద ఉందో చూడాలి. తోక నొక్కితే పావు అంగుళం కలిసొస్తుంది. అంచు మీద ఉన్న చేపకు ఆ పావే లెక్క.

గాలం_మాస్టారు
బాబాయి గారి మాటకు ఒక చేర్పు. మనవాళ్లు చేపను బకెట్ నీళ్లలో ప్రాణంతో ఇంటికి తెస్తారు, పులుసు తాజాగా ఉంటుందని. టెక్సోమాలో అలా చేయొద్దు. 2009లో టెక్సస్‌లో జీబ్రా మస్సెల్ అనే గవ్వజాతి ప్రాణి మొదట స్థిరపడింది అక్కడే. దాని పిల్లలు కంటికి కనిపించవు, ఆ నీళ్లలోనే వేరే సరస్సులకు చేరతాయి. అందుకే పడవ, బకెట్, ఎర డబ్బా, అన్నిటిలోని సరస్సు నీళ్లు అక్కడే పారబోయాలని చట్టం. చేపను మంచులో పెట్టి తెచ్చుకోండి.

కొరమీను_కోసం
ప్రాణంతో అన్నారు కాబట్టి అడుగుతున్నాను. కొరమీను ఇక్కడ దొరుకుతుందా? మా వరంగల్ వాళ్లకు అది లేకపోతే చేప కూరే కాదు.

పొటోమాక్_పద్మ
తెలంగాణ రాష్ట్ర చేపకు అమెరికాలో పెద్ద శత్రుత్వమే ఉంది! 2002లో మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్ చెరువులో దాని దాయాది, ఉత్తర జాతి స్నేక్‌హెడ్, బయటపడినప్పుడు చెరువంతా మందు కొట్టి చంపారు. అదే ఏడాది ఆ కుటుంబం మొత్తాన్నీ హానికర జాతుల కింద కేంద్రం చేర్చింది. మన కొరమీను కూడా అందులోదే. ప్రాణంతో దిగుమతి చేయడం నిషేధం, ప్రాణంతో తరలించడం కూడా చాలా రాష్ట్రాల్లో నిషేధం.

మీకు శుభవార్త ఏమిటంటే పొటోమాక్ నదిలో అది ఇప్పుడు బాగా ఉంది, పట్టినవాళ్లకు సంఖ్యా పరిమితి లేదు, చంపి తెచ్చుకుంటే సంతోషిస్తారు. రుచి మన కొరమీనుకు చాలా దగ్గర, ముల్లు తక్కువ. నేను పసుపు, చింతపండుతో మట్టి దాకలో వండాను, మా అత్తగారు రెండోసారి వడ్డించుకున్నారు. లైసెన్సు మాత్రం ఇక్కడా కావాలి.

కొరమీను_కోసం
పద్మ గారూ, పొటోమాక్‌కు టికెట్ చూస్తున్నాను.

బోజ్‌మన్_భాస్కర్
శీర్షిక టెక్సోమా అయినా ఈ చర్చ చదివేవాళ్లలో వేసవిలో ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి రాస్తున్నాను. అక్కడ ఏ రాష్ట్ర లైసెన్సూ చెల్లదు. పార్కు సొంత అనుమతి పత్రం కొనాలి. స్థానికుడూ బయటివాడూ అన్న తేడా లేదు. దాని దక్షిణాన ఉన్న గ్రాండ్ టీటన్‌లో మాత్రం వయోమింగ్ రాష్ట్ర లైసెన్సు కావాలి. ఒకే రోజు ఉదయం ఒక పార్కు, సాయంత్రం ఇంకోటి అనుకుంటే రెండు కాగితాలు.

ఎల్లోస్టోన్‌లో కొక్కెం కొసన వెనక్కి తిరిగి ఉండే ముల్లు ఉండకూడదు. కొత్తది కొనక్కర్లేదు, చిన్న పట్టకారుతో ఆ ముల్లును లోపలికి నొక్కేసి, దూది మీద గీసి చూడండి. పోగు తగులుకోకపోతే సరిగ్గా నొక్కినట్టు. గాలానికి బరువుగా కట్టే సీసం గుండ్లు నిషిద్ధం. స్థానిక కట్‌త్రోట్ ట్రౌట్ పడితే నీళ్లలోకి వదలాల్సిందే. ఎల్లోస్టోన్ సరస్సులో లేక్ ట్రౌట్ పడితే మాత్రం వదలకూడదు, చంపాల్సిందే. అది అక్కడిది కాదు. 1994లో బయటపడింది, అప్పటి నుంచి కట్‌త్రోట్‌లను మింగేస్తోంది. వలలు వేసి ఇప్పటికే నలభై లక్షలకు పైగా తీసేశారు. ఒకే సరస్సులో ఒక చేపకు దయ, ఇంకో చేపకు మరణశిక్ష, అందుకే బొమ్మ చూసి గుర్తుపట్టడం నేర్చుకుని వెళ్లండి.

నాక్స్‌విల్_నాగమణి
గ్రేట్ స్మోకీ పర్వతాల్లో ఇంకో తీరు. ఆ పార్కు టెనెసీ, నార్త్ కరోలినా రెండింటిలోనూ ఉంది, ఏ ఒక్క రాష్ట్ర లైసెన్సు ఉన్నా పార్కు అంతటా చెల్లుతుంది. పిల్లల వయసు మాత్రం చూసుకోండి. టెనెసీలో 13 నిండితే కొనాలి, నార్త్ కరోలినాలో 16.

మోసపోకండి
ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఒక మాట. రాష్ట్రం పేరుతో వెతికితే పైన కనిపించేవి కొన్ని దళారీ సైట్లు. ఫారం నింపించుకుని, డబ్బు తీసుకుని, 'లైసెన్సు ఎలా పొందాలి' అనే కాగితం పంపుతాయి. ఎప్పుడూ ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ సైటుకు వెళ్లి అక్కడి లింకు నుంచే కొనండి. చిరునామా చివర 'డాట్ గవ్' అనే ప్రభుత్వ అక్షరాలు లేకపోయినంత మాత్రాన దొంగ సైటు కాదు. ఫ్లోరిడా అధికారిక అమ్మకం సైటు డాట్ కామ్ మీదే ఉంది. మీరు ఏ తలుపు నుంచి లోపలికి వెళ్లారన్నదే ముఖ్యం.

టాంపా_త్రినాథ్
ఫ్లోరిడా ఊసు వచ్చింది కాబట్టి. మంచినీళ్లకు ఒకటి, ఉప్పునీళ్లకు ఒకటి, రెండూ వేర్వేరు. బయటివాళ్లకు మూడు రోజులది 17, వారం 30, ఏడాది 47. తీరం నుంచి గాలం వేయడానికి ఇచ్చే ఉచిత లైసెన్సు స్థానికులకే. లైసెన్సున్న చార్టర్ పడవ ఎక్కి సముద్రంలోకి వెళ్తే మాత్రం ప్రయాణికులకు విడిగా అక్కర్లేదు, పడవ లైసెన్సులోనే మీరూ ఉంటారు.

శ్రావణి_ప్లేనో
త్రినాథ్ గారి చివరి మాట చదివి టెక్సోమాలో గైడు పడవకూ అలాగే అనుకోకండి కృష్ణ గారూ. అక్కడ గైడుకు ఆయన లైసెన్సు, పడవలో గాలం వేసే ప్రతి ఒక్కరికీ ఎవరిది వాళ్లకు.

హైదరాబాద్_హరి
మన దేశంలో కూడా ఇలాంటిది ఉందని చాలామందికి తెలియదు. హిమాచల్‌లో తీర్థన్ లోయకు ట్రౌట్ కోసం వెళ్లేవాళ్లు మత్స్యశాఖ అనుమతి తీసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం, వేట బంద్. ఇక్కడ మన చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానిది. ఊరికి వెళ్లినప్పుడు గాలం వేయాలంటే సంఘం పెద్దను అడిగి వేయడం మర్యాద. ఆ చేపపిల్లలు వదిలింది వాళ్లు, కాపలా కాసేది వాళ్లు.

కృష్ణ_న్యూజెర్సీ
అన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. హరి గారి మాట విని 'మా ఊళ్లోనూ అంతే' అన్నారు. నిర్ణయం ఇది: శుక్రవారం ఐసెన్‌హోవర్ పార్కు గట్టు, మరుసటి రోజు ఉచిత శనివారం కాబట్టి గైడు పడవ. అయినా నాన్నగారు 12 డాలర్ల లైసెన్సు కొనమంటున్నారు. మాస్టారు చెప్పిన చెరువు లెక్క ఆయనకు నచ్చింది. 'చేపపిల్లలకి ఇచ్చినట్టు' అన్నారు.

ఇంకొక్క సందేహం. ఆయన ఎరగా గోధుమపిండి ముద్దలో వెల్లుల్లి దంచి కలుపుతారు. అక్కడ ఒప్పుకుంటారా?

బెండు_బాబాయి
పిండి ముద్దకు అడ్డేమీ లేదు. గట్టు మీద నుంచి జెల్లలకు అదే మంచి ఎర. వెల్లుల్లి వాసనకు ఇక్కడి జెల్లలు కూడా ఎగబడతాయి. ముద్ద కాస్త గట్టిగా కలపమనండి, జూన్ వేడికి నీళ్లు వెచ్చబడి తొందరగా జారిపోతుంది.

డెట్రాయిట్_దుర్గ
వంతెన దాటి కెనడా వైపు ఆంటారియోలో వేయాలంటే? మా అమ్మగారికి 65 దాటాయి, పెద్దవాళ్లకు ఉచితం అని విన్నాను.

యాన్_ఆర్బర్_అనూష
ఆ మినహాయింపు కెనడా నివాసులకే. బయటి దేశం నుంచి వచ్చినవాళ్లు 18 నిండితే ఎంత వయసైనా కొనాలి. ఒక్కరోజుది తీసుకోండి, అవుట్‌డోర్స్ కార్డు అనే అక్కడి గుర్తింపు కార్డు అవసరం పడదు. అమ్మగారి వీసాలో మళ్లీ అమెరికాలోకి రావడానికి వీలుందో లేదో మాత్రం వంతెన ఎక్కకముందే చూసుకోండి.